తేటనీటి పరీక్ష

నీరు తేటగా నుండి నాలుకకు రుచించినచో అది మంచినీరని మన పెద్దల నిర్ణయము. బురదను, ఉప్పును కనిపెట్టుటకు ఆ పరీక్ష చాలును. కాని కంటికిగాని నాలుకకుగాని అందని దోషము నీటిలో నుండగలదని తెలుగునాట 1937లో రుజువైనది.

ఆ యేట షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు నెల్లూరు జిల్లాలో ప్రబలియున్న యొక వ్యాధిని వర్ణించిరి. పిల్లల పండ్లపై గారచారలు. పెద్దలలో వెన్ను వంగక, కీళ్లు కదలక మనిషి కొయ్యబారుట. కారణము బావినీటిలోని ఫ్లోరైడు. భూమిలోని రాతినుండి అది నీటిలో కరగుచున్నది. నీటిని మరగించినను పోదు. ఆవిరి పోయినకొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. ఎముకలకు పట్టిన వ్యాధికి మందు లేదు. నీటిని మార్చుటయే రక్షణ.

అటుపిమ్మట నల్లగొండ జిల్లాలోను ఇదే దోషము బయల్పడినది. చిన్న యూరు తన నీటిని తానే శుద్ధి చేసికొనగలదా? 1970 దశాబ్దమున నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ ఒక ఉపాయము చెప్పినది. దానికి 'నల్లగొండ పద్ధతి' యను పేరు నిలిచినది. సున్నము, పటిక, బ్లీచింగు పౌడరు కలిపి కలియబెట్టినచో, నీటిలో దూదిపింజలవంటి మడ్డి యేర్పడి, ఫ్లోరైడులో చాలభాగమును వెంటగొని అడుగున చేరును. పైతేటను వడగట్టి వాడవలెను.

సరకులు అంగడిలో దొరకునవే, నియమమే కఠినము. పటిక పాలు ఆ నీటిలోని ఫ్లోరైడును, క్షారగుణమును బట్టి మారును. తక్కువైనచో ఫ్లోరైడు నిలుచును. ఎక్కువైనచో అల్యూమినియము మిగులును. పరీక్ష, తూనిక, మడ్డి తొలగింపు నిత్యకృత్యములు. పనివాడు రాకపోయినను, పటిక నిండుకొన్నను, కుళాయి నీరు మాత్రము తేటగానే వచ్చును. ప్రమాదమంతయు నందే యున్నది. ఇట్టి శుద్ధికేంద్రములు పెక్కు మూలబడినవి. కడకు నల్లగొండ గ్రామములకు గొట్టములద్వారా కృష్ణాజలమును తేవలసివచ్చెను. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ ఆ మార్గమునే విస్తరించినది.

చిన్న యేర్పాటు పనికిరాదని దీని యర్థము కాదు. దాని శక్తిని కట్టడము చూచి నిర్ణయింపరాదు. నీటిని ఎవరు, ఎన్నాళ్లకొకమారు పరీక్షింతురు? ఫలితమును ఊరివారికి తెలుపుదురా? దోషము కనబడిననాడు వేరు నీరు కలదా? ఈ మూడింటికి జవాబు చెప్పగల యూరు సురక్షితమైన నీటిని ఇయ్యగలదు.

భారత ప్రమాణము ననుసరించి లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లిగ్రామును మించరాదు. వేరు నీరు లేనిచోట 1.5 వరకు సహింపవచ్చును. తమ యూరి నీటిలో అది యెంతయో శ్రోతలు పంచాయతీ నడిగి తెలిసికొనవలెను. ఎనిమిదేండ్లలోపు బిడ్డలున్న యిండ్లవారు ముందుగా నడుగుట మంచిది. వారి పండ్లు రూపుదిద్దుకొను కాలమదియే.