ఇసుకపై తొలి అక్షరము – మన వీధిబడుల విద్యారంభ చరిత్ర

గ్రంథాలయమునకు వచ్చి పుస్తకము చేతబట్టు ప్రతి చదువరియు ఒకనాడు అక్షరము దిద్దినవాడే. ఆ తొలి దినములలో పూర్వము మన పల్లెబడులందు ఏమి జరిగెడిది, పసివానికి అక్షరము ఏ క్రమమున అబ్బెడిది అను విషయమును తెలిపెడు వ్రాతలు మనకు అరుదు. వీధిబడి పంతుళ్లు పాఠములు చెప్పుకొనుచు పోయిరే గాని, తాము చెప్పిన తీరును వ్రాసిపెట్టుట వారికి అలవాటు లేదు. అయినను ఆ వృత్తాంతము ఒక జిల్లా కచేరీ నివేదికలో భద్రముగా నిలిచియున్నది. లెక్కలు వ్రాయు వృత్తిలోనివాడనగుటచే అట్టి కాగితములపై నాకు ఆదరము మెండు. అందలి సంగతులను ఈ రజతోత్సవ సంచికలో గ్రామస్థులకు మనవి చేయుచున్నాను.

1822 సంవత్సరమున మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో, రాజధానిలోని ప్రతి జిల్లాయందును బడులెన్ని, చదువుకొను పిల్లలెందరు, వారు ఏమి నేర్చుచున్నారు అని విచారింప నాజ్ఞాపించెను. బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగష్టులో తన సమాధానమును పంపెను. ఈయన 1816లో తెలుగు భాషకు వ్యాకరణము వ్రాసి అచ్చు వేయించిన పండితుడు. నాటి బళ్లారి జిల్లాలో అనంతపురము ప్రాంతము కూడ చేరియుండెను. అది ప్రత్యేక జిల్లా యైనది 1882లో. కావున ఆ నివేదికలోని బడులలో పెక్కు మన తెలుగు బడులే.

నాటి బడికి నేటివలె జూన్ మాసమున అందరికి ఒక్కమారు ఆరంభమగు సంవత్సరము లేదు. బిడ్డకు అయిదవయేడు రాగానే ఒక శుభదినము చూచెడివారు. ఆ దినమున పంతులును, బడిపిల్లలును వానియింటికి వత్తురు. విఘ్నేశ్వర ప్రతిమ చుట్టు పిల్లలు వలయముగా కూర్చుందురు. క్రొత్త పిల్లవానిని ప్రతిమకు ఎదురుగా కూర్చుండబెట్టుదురు. పంతులు ప్రక్కన కూర్చుండి, ధూపనైవేద్యము లైనపిదప వానిచేత ప్రార్థన చెప్పించి, వాని వ్రేలు పట్టుకొని బియ్యములో దేవుని నామమును వ్రాయించును. తల్లిదండ్రులు శక్తికొలది పంతులకు సంభావన యిత్తురు. మరునాటి ఉదయమునుండి చదువు మొదలు. ఇందొక విశేషమును గమనింపవలెను. క్రొత్తగా చేరువానిని పాతపిల్లలందరు వచ్చి తమలో చేర్చుకొనుచుండిరి. బడి యనిన బెదురు సగము ఆనాడే తీరిపోయెడిది.

బడివేళ తెల్లవారి ఆరుగంటలు. మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో పంతులు సరస్వతి పేరు వ్రాసెడివాడు, అది గౌరవము. రెండవవాని చేతిలో సున్న వ్రాసెడివాడు. మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి యెక్కువ. సోమరులకు దూలమునకు వ్రేలాడదీయు శిక్షయు నుండెను. దీనినే మన పెద్దలు కోదండ మనిరి. ఆ శిక్షలు పోవుట మంచిదే. తొలుత వచ్చినవాని చేతిలో సరస్వతిని వ్రాయుట మాత్రము పోకుండిన బాగుండెడిదని తోచును.

అక్షరము నేర్పు విధము మిక్కిలి ముచ్చటైనది. పిల్లవాడు నేలపై పరచిన ఇసుకలో వ్రేలితో అక్షరము దిద్దును. నోట పలుకుటతో గాక చేతితో వ్రాయుటతోనే చదువు మొదలగుచుండెనని క్యాంబెల్ వ్రాసినాడు. చెయ్యి కుదిరిన పిమ్మట గంటముతో తాటాకుపైనో, కలముతో కాగితముపైనో, బలపముతో పలకపైనో వ్రాయనిత్తురు. ఆ పలక నేటి రాతిపలక కాదు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల చెక్కను నునుపుచేసి, అన్నమును బొగ్గుపొడిని కలిపి పూసెడివారు. గంజిపెట్టిన గుడ్డను పుస్తకమువలె మడతలు మడిచి, బొగ్గును జిగురులను పూసిన కడితము మరియొకటి. తడిగుడ్డతో తుడిచిన రెండును మరల క్రొత్తవే. పిల్లవాడు పదిమార్లు తప్పు వ్రాసినను తండ్రికి కాసు ఖర్చు లేదు. పెద్దపిల్లలకు పంతులు స్వయముగా చెప్పును. చిన్నవారికి ముందు నేర్చిన పిల్లలు చెప్పుదురు. చెప్పుటవలన చెప్పినవాని చదువును గట్టిపడును.

ఈ పద్ధతి సముద్రము దాటిపోయినది. మదరాసు ఎగ్మూరులో అనాథ బాలుర శాలకు 1789లో అధికారియైన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, సమీపమున నొక దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి, తన శాలలో అట్లే నేర్పింప బూనెను. అచ్చటి ఉపాధ్యాయులు దానికి ఇష్టపడకుండగా, ఎనిమిదేండ్ల బాలుని చేతనే చిన్నవారికి చెప్పించెను. 1797లో లండనులో ఆ వృత్తాంతమును పుస్తకముగా ప్రకటించెను. ఇంగ్లండులోని బీదపిల్లల బడులలో అది మదరాసు పద్ధతియను పేర వ్యాపించినది. ఇంగ్లండు అనుకరించిన ఈ విధానము మెచ్చదగినదని క్యాంబెలే ఒప్పుకొనెను.

అయితే ఆయన లోపములను దాచలేదు. పిల్లలు వందలకొలది పద్యములు వల్లెవేయుదురు గాని అర్థ మెరుగరు, చిలుక పలుకులని ఆయన ఆక్షేపణ. కావ్యములను ప్రేమించు మాబోటివారికి ఆ మాట చురుక్కుమనును గాని, అది అబద్ధము కాదు. కంఠస్థము చేసిన పద్యమునకు తాత్పర్యము చెప్పువాడు లేనిచో అది మోతబరువే.

ఇక అంకెలకు వత్తము. నాటి జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. అందు కన్నడము 235, తెలుగు 226, మరాఠీ 23, పారశీకము 21, తమిళము 4, ఇంగ్లీషు 1. తక్కిన 23 బ్రాహ్మణుల శాస్త్రపాఠశాలలు. విద్యార్థులు 6,641. అనగా బడికి సుమారు పన్నెండుగురు. జనములో వేయింటికి ఏడుగురు. ఆ 6,641 మందిలో హిందూ బాలికలు అరువదిమంది. ఇసుక అందరి వాకిటను కలదు. దానికి ఖర్చు లేదు. అయినను దానిపై అక్షరము దిద్దిన వ్రేళ్లు ఇన్నియే.

కారణ మేమి? పూర్వము బడులున్న పల్లెలు పెక్కింట ఇప్పుడు బడులు లేవనియు, దేశము క్రమముగా పేదదగుటయే దీనికి హేతువనియు క్యాంబెల్ స్పష్టముగా వ్రాసెను. సీమగుడ్డలు వచ్చి మన నేతపనివారి జీవనము తగ్గినదనియు చెప్పెను. పంతులకు ఈయవలసిన కొద్దిపాటి సొమ్మునకును గతిలేక తల్లిదండ్రులు పిల్లలను మాన్పించుచుండిరి. ఒక కలెక్టరు తన ప్రభుత్వమునకే ఇట్లు వ్రాయుట గొప్ప సంగతి. లోపము పిల్లల బుద్ధిలో లేదు, బోధనలోను అంతగా లేదు. గడపకు ఈవల ఉన్నది.

ఆ గడప తొలగించుటకు చాలకాలము పట్టినది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, పదునాలుగేండ్ల వరకు పిల్లలందరికి పదేండ్లలోగా ఉచిత నిర్బంధ విద్య నిచ్చుటకు ప్రయత్నింపవలెనని ఆదేశించెను. ఆ పదేండ్లు గడచిపోయినవి. 2002లో రాజ్యాంగ సవరణచే ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు విద్య ప్రాథమిక హక్కయినది. 2009లో శాసనమై, 2010 ఏప్రిల్ 1న అది అమలునకు వచ్చినది.

శాసనము బడితలుపు తెరచినది గాని, పిల్లవానిని చేయిపట్టి తీసికొనిపోవలసినది ఊరే. మన బడి తెరచు జూన్ మాసమే తొలకరి మాసము. ఏరువాక సాగు వేళ తల్లిదండ్రులు పొలమునకు పోగా, చంటివానిని చూచుకొనుటకని ఆడపిల్ల ఇంట ఆగిపోవును. ఒక పక్షము దినములు ఆగిన పిల్ల, తోడివారు ముందునకు పోగా సిగ్గుపడి మరల రాదు. కావున బడి తెరచిన మొదటి రెండు వారములలో ఏ ఇంటి బిడ్డ రాలేదో చూచి, ఆ యింటికి నలుగురు పోయి పిలుచుట ఊరివారి విధి. పూర్వము బడి యంతయు క్రొత్తపిల్లవాని యింటికి నడచిపోయి వానిని తెచ్చుకొనుచుండెనుగదా! ఆ యాచారమును ఈ గ్రంథాలయ సభ్యులు చేపట్టుదురుగాక. నేడు రాని బిడ్డ రేపటి చదువరి కాజాలదు.