పుష్‌రాడ్ పొడుగు ఆఖరికే కొలువాలె

ఇంకో రెండు కట్టెలు ఎగదొయ్యి బిడ్డా. సూరత్ చలి మన సిరిసిల్ల చలి లెక్క కాదు, సంక్రాంతికి అటిటు నాలుగొద్దులు గజగజలాడిచ్చి పోతది. గీ పోంక్ తిను. మన తాన ఊస బియ్యం అంటమే, గదే. లేత జొన్నకంకి నిప్పులల్ల కాల్చి నలిపి గింజ తీస్తరు. ఈడోళ్లు దానిల సేవ్ కలుపుకొని తింటరు.

నీ బుల్లెట్‌కు పుష్‌రాడ్ ఎంత పొడుగుండాలె తాతా అని అడిగినవు గదా. గా లెక్క ఏ పుస్తకంల దొరుకుతది చెప్పు? కంపెనీ రాసిన కొలత కొత్త ఇంజనుకు. నీది కొత్తది కాదు. హెడ్డు ఎన్నిసార్లు ఫేసింగ్ అయిందో, సీట్లు ఎంత లోతుకు కోసిండ్రో, కామ్ ఎవలన్న గ్రైండింగ్ చేయించిండ్రో, గవన్ని కలిపితే వచ్చేదే పుష్‌రాడ్ పొడుగు. అందుకే అది ఆఖరికి కొలువాలె. మా ఉస్తాద్ నాకు నేర్పిన చదువు గంతే, దాని చుట్టే నా బతుకు తిరిగింది.

డెబ్బైలల్ల నేను సూరత్‌ల ఖటోదరకు వచ్చిన. మన పద్మశాలోళ్లు కరీంనగర్, వరంగల్, నల్లగొండ దిక్కుకెంచి భివండి, షోలాపూర్, సూరత్ అని తలా ఒక దిక్కు పోతున్న కాలం. ఈడ మనోళ్లు లింబాయత్ దిక్కు శానమంది దిగిండ్రు. ఎంతమంది అంటే, కార్పొరేషన్ తెలుగు బళ్లు సుత నడుపుతది, గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బళ్లతోని పాటు. మా చిన్నాయిన సబ్ జైలు దిక్కు ఒక ఖాతాల, అంటే మరమగ్గాల షెడ్డుల, సాంచెలు నడుపుతుండె. గప్పుడు జైలు ఖటోదరలనే ఉండె, తర్వాత లాజ్‌పోర్‌కు పోయింది. నన్ను గూడ సాంచె మీద నిలబెట్టిండు. నాకు నాడె కంటే సాంచె కిందున్న ఇనుము మీదనే మనసు. కోపం చేసీ చేసీ, ఆఖరికి పక్క గల్లీల ఇంజన్లు బాగుచేసే మిస్త్రీ తాన పడేసిండు. ఆయనే మా ఉస్తాద్. గుజరాతీ మనిషి, మాట తక్కువ.

మొదటి రోజులల్ల నాకు ఇంజను ఏం అర్థం కాలే. ఒకనాడు ఉస్తాద్, "నువ్వు సాంచెల కాడికెంచి వచ్చినవు గదా, కింద షాఫ్ట్ ఎట్ల తిరుగుతది?" అని అడిగిండు. మీది క్రాంకు రెండు సుట్లు తిరిగితే కింది షాఫ్ట్ ఒక్క సుట్టు తిరుగుతదని చెప్పిన. దాని మీది కామ్ వచ్చి గుద్దితే పిక్కింగ్ కట్టె ఊగుతది, నాడె ఎగురుతది. "మరి గిదీ గదే" అన్నడు. ఫోర్ స్ట్రోక్ ఇంజనుల గూడ క్రాంకు రెండు సుట్లకు కామ్ ఒక్క సుట్టు. కామ్ టాపెట్‌ను లేపుతది, టాపెట్ పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ రాకర్‌ను, రాకర్ అవుతలి కొన వాల్వును తొక్కుతది. సాలోని పోరనికి గింత కంటే వేరే పాఠం అక్కరలేకపాయె.

అప్పట్ల కరెంటు పోతే ఖాతాల సాంచెలన్ని ఒక్కసారి బందయ్యేది. ఆ చప్పుడు ఆగితే గల్లీ అంతా చెవులు మూసుకున్నట్టు అనిపిస్తుండె. సేఠ్‌లు డీజిల్ ఇంజన్లు కొని జనరేటర్లు పెట్టుకున్నరు. ఎక్కువ రాజ్‌కోట్ ఇంజన్లే. 1929ల ఇంగ్లండుల లిస్టరోళ్లు తీసిన సీఎస్ నమూనా పట్టుకొని రాజ్‌కోట్ కార్ఖానాలల్ల లెక్కలేనన్ని పోసిండ్రు. ఆరు హార్స్ పవరుది నిమిషానికి 650 సుట్లే తిరుగుతది. దాని ముందర కూసొని పుష్‌రాడ్లు లేసుడు పడుడు కండ్లతోని చూడొచ్చు. నేర్చుకునేటోనికి దాన్ని మించిన పంతులు లేడు.

ఒక సేఠ్ ఖాతాల గసొంటి ఇంజనే, మాటిమాటికి పుష్‌రాడ్ వంగుతుండె. కొత్తది వేస్తరు, కొన్ని దినాలు నడుస్తది, మల్ల వంగుతది. ఆఖరికి మా తానకు వచ్చి, "గట్టి రాడ్ చేసియ్యి, లావు ఇనుముతోని, పైసలెన్నయినా సరే" అన్నడు. సాంచెల మీద బట్ట సగంల ఆగి ఉన్నది, ఆయన తొందర ఆయనది. ఉస్తాద్ రాడ్‌ను చేతులకు తీసుకొని అద్దం మీద దొర్లిచ్చిండు. దొర్లిచ్చుడే అసలు పరీక్ష, వంకరున్నది ఎగిరెగిరి దొర్లుతది. అవుతల పెట్టి హెడ్డు ఇప్పుమన్నడు.

హెడ్డు ఇప్పి చూస్తే పిస్టన్ మీద సన్నగా నెలవంక లెక్క గుర్తు. వాల్వు పోయి పిస్టన్‌ను ముద్దువెట్టుకుంటున్నదన్నట్టు. ఏమైందంటే, ఎవలో ఇంతకుముందు హెడ్డును లేతు మీద పెట్టి బాగా ఫేసింగ్ కొట్టిచ్చిండ్రు. డీజిల్ ఇంజనుల పిస్టన్ మీదికి వచ్చినప్పుడు హెడ్డుకూ దానికీ నడుమ సందు శాన తక్కువ ఉంటది. అందుకే వాల్వు పళ్లెం హెడ్డు మొఖం కంటే కొంచెం లోపలికి ఉండాలె. ఫేసింగ్ కొట్టినకొద్ది ఆ లోతు పోతది. దాన్ని డెప్త్ గేజ్‌తోని ఎవలూ కొలువలే. ఉస్తాద్ సీసం తీగ ముక్కలు పిస్టన్ మీద గ్రీజుతోని అంటిచ్చి, హెడ్డు బిగిచ్చి, చేత్తోని ఒక్కసారి మీదికెంచి తిప్పించిండు. మల్ల ఇప్పి నలిగిన సీసాన్ని మైక్రోమీటరుతోని కొలిస్తే సందు ఎంతున్నదో తెల్లగా తెలిసింది. సీట్లు సరైన లోతుకు కోసి, గ్యాస్కెట్ మందం మార్చి, అప్పుడు కొలిస్తే పాత రాడ్లు పొడుగైనయి. కోసి పొట్టిగ చేసి మూతులు మల్ల గట్టివరిచి వేసినం. ఆ ఇంజను మల్ల రాడ్ వంచలే.

సేఠ్ అడిగినట్టు లావు రాడ్ వేస్తే ఏమవుతుండె? రాడ్ వంగకపోతుండె, వాల్వు పళ్లెమే తెగి సిలిండర్ల పడుతుండె. పిస్టన్, లైనర్, హెడ్డు అన్ని పోతుండె. పుష్‌రాడ్ వంగిందంటే అది చేసిన తప్పు కాదు, ఎక్కడో జరిగిన తప్పుకు అది వంగింది. దుకాణాలల్ల ఇప్పటికి సుత ముందు రాడ్ మార్చేటోళ్లే ఎక్కువ. 2006 ఆగస్టుల ఉకాయ్ డ్యాం నీళ్లొదిలితే తాపీ ఊరి మీదికి వచ్చింది గదా, నీళ్లు తీసినంక గట్లనే అయింది. వేడ్ రోడ్డు, కతార్గాం దిక్కు మునిగిన ఇంజన్లు వరుసపెట్టి వచ్చినయి. వాల్వులు గైడ్లల్ల తుప్పువట్టి బిగుసుకపోయినయి. అట్లనే హ్యాండిల్ పెట్టి తిప్పినోళ్లవి రాడ్లన్ని ధనుస్సులైనయి.

ఇగ జామెట్రీ ముచ్చట చెప్త, గిది మెల్లగ విను. రాకర్ కొన సుట్టు తిరిగినట్టు, విల్లు గీసినట్టు పోతది. వాల్వు మాత్రం నిలువుగ దిగుతది. గీ రెండిటి నడుమ రాకర్ మూతి వాల్వు తలమీద, అంటే కాడ మీది కొనమీద, అటిటు జారక తప్పదు. ఆ జారుడు ఎంత తక్కువుంటే గైడు అంత బతుకుతది. తక్కువెప్పుడుంటది? వాల్వు సగం దిగినప్పుడు రాకర్ ఇరుసు నడుమకెంచి మూతి దాక గీసిన గీత వాల్వు కాడకు సరిగ్గ మూలమట్టంగ ఉండాలె. లెక్క చూడు. రాకర్ చెయ్యి 35 మిల్లీమీటర్లు, వాల్వు దిగేది 10 అనుకో. సగంల మూలమట్టం పెడితే జారేది మిల్లీల మూడోవంతు కంటే కొంచెమెక్కువ, 0.36. మొదట్లనే మూలమట్టం పెట్టి అక్కడికెంచి మొత్తం 10 తొక్కిస్తే 1.46. నాలుగింతలు! గైడు కోడిగుడ్డు లెక్క అరుగుడు గందుకే.

చూసుడెట్ల అంటవా? వాల్వు తలమీద మార్కింగ్ బ్లూ పూసి, రాకర్ బిగిచ్చి, క్రాంకును రెండు సుట్లు తిప్పి ఇప్పు. రంగు పోయిన గీత సన్నగ ఉండాలె. పోరలు అందరు గీత నడిమిట్ల ఉన్నదా అని చూస్తరు. ముందు సన్నగ ఉన్నదా చూడు. నడిమిట్లనే ఉండి వెడల్పున్నదంటే జామెట్రీ తప్పిందన్నట్టే.

ఇంకొకటి శానమందికి తెల్వదు. షాఫ్ట్ మీద రాకర్లుండే ఇంజన్లు వేరు, ఒక్కో రాకర్ ఒక్కో స్టడ్ మీద ఊగేటియి వేరు. మన అంబాసిడర్ 1489 సీసీ ఇంజనుల షాఫ్ట్ పెడెస్టళ్ల మీద కూసుంటది. గండ్ల పుష్‌రాడ్ పొడుగు మార్చితే అడ్జస్టర్ స్క్రూ మీదికో కిందికో పోతది, రాకర్ ఎత్తు మాత్రం రవ్వంత గూడ కదలదు. హెడ్డు ఫేసింగ్ కొడితే వాల్వులు, షాఫ్ట్ అన్ని కలిసే కిందికి దిగుతయి. వాల్వు కాడ జామెట్రీ చెడదు, రాడ్ మాత్రమే పొడుగైపోతది. సీట్లు లోతు కోస్తే అట్ల కాదు. వాల్వు తల మీదికి లేస్తది, షాఫ్ట్ ఉన్నకాడనే ఉంటది. గప్పుడు పెడెస్టల్ కింద షిమ్ వెయ్యాలె, లేకుంటే వాల్వు తల గ్రైండింగ్ చెయ్యాలె. తల మీద గట్టిదనం పల్చటి పొర, ఎక్కువ గీకొద్దు. కామ్ గ్రైండింగ్ చేయిస్తే మల్ల ఉల్టా, కామ్ అడుగు సన్నబడి రాడ్ పొట్టిదైతది. ఒకటి పెంచుతది, ఒకటి తగ్గిస్తది. అందాజ మీద ఎవడు చెప్పగలడు?

అమెరికోళ్ల వీ8 ఇంజన్లది ఇంకో తీరు. 1955ల షెవర్లే తీసిన వీ8కు స్టడ్ మీద గోళీ, దాని మీద రేకుతోని కొట్టిన రాకర్. గండ్ల రాడ్ పొడుగైతే రాకరే మీదికి లేస్తది, గీత వాల్వు తల అవుతలి అంచుకు పోతది. పొట్టిగుంటే ఇవుతలికి వస్తది. నీ దోస్తు టెక్సస్‌కెంచి వీడియో పంపిండంటివే, వాళ్లు అన్ని పొడుగుల రాడ్లు కొని పెట్టుకునేది గందుకే. మన ఇంజనుకు అదే సూత్రం పెడితే తిరగబడుతది.

కొలిచే రాడ్ నేనే చేసుకున్న. పాత రాడ్‌ను నడిమికి కోసి, ఒక దిక్కు ఎనిమిది మిల్లీల సన్న మర, ఇంకో దిక్కు దానికి సరిపోయే నట్టు. మర పిచ్ ఒక్క మిల్లీమీటరు. ఒక్క సుట్టు తిప్పితే ఒక్క మిల్లీ పెరుగుతది, లెక్క నోటిమీద. కొలిచేటప్పుడు వాల్వుకు అసలు స్ప్రింగ్ పెట్టొద్దు, చేతితోని నొక్కితే దిగే మెత్తటి స్ప్రింగ్ పెట్టాలె. లేకుంటే రెండు ముక్కల రాడ్ వంగి అబద్ధం చెప్తది. టాపెట్ కామ్ అడుగు మీద ఉన్నప్పుడు సందు సరి చేసుకొని, డయల్ గేజ్ పెట్టి వాల్వు ఎంత దిగుతుందో చూడాలె, సగం దగ్గర ఆపి మూలమట్టం చూడాలె. పిస్టన్‌కూ వాల్వుకూ సందు చూసుడుకు ఉస్తాద్ వాళ్లింట్లకెంచి రొట్టె పిండి ముద్ద తెప్పిస్తుండె. నూనె పూసి పిస్టన్ మీద పెట్టి తిప్పి, మల్ల ఇప్పి బ్లేడుతోని కోసి మందం కొలిచేది. పెట్రోల్ ఇంజను తేజుగ బిగిచ్చేటోళ్లు ఇన్‌లెట్‌కు రెండు మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కు రెండున్నర తగ్గనియ్యరు. ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కువ కాలుతది, సాగుతది, గందుకే దానికి ఎక్కువ.

నీది పాత బీడు ఇంజను బుల్లెట్, 70కి 90 బోర్ స్ట్రోకు, 346 సీసీ. దానికి అడ్జస్టర్ పుష్‌రాడ్ కిందికొననే ఉంటది. ఇంజను చల్లగున్నప్పుడు, కంప్రెషన్ మీద పిస్టన్‌ను మీదికి తెచ్చి, రెండు వేళ్లతోని తిప్పితే రాడ్ తిరగాలె, కిందికి మీదికి ఆడొద్దు. ఫీలర్ గేజ్ అక్కరలేదు. తర్వాత వచ్చిన యూసీఈ బుల్లెట్లల్ల టాపెట్లు నూనె తోని నడుస్తయి, గవాటికి వేళ్లతోని ఆడిచ్చే సెట్టింగ్ లేదు, రాడ్ టాపెట్‌ను కొంచెం లోపలికి నొక్కి పట్టుకోవాలె. గిది దానికి చెయ్యొద్దు, అది దీనికి చెయ్యొద్దు. 2023ల వచ్చిన కొత్త బుల్లెట్‌కు పుష్‌రాడే లేదు, కామ్ మీదికే పోయింది. అంబాసిడర్ 2014లనే ఆగిపాయె. నా చదువు అక్కరకొచ్చే ఇంజన్లు ఇగ పాతయే.

నీ హెడ్డు లేతుకు పంపేటప్పుడు ముందే దాని మందం, వాల్వు తల ఎత్తు కొలిచి నోట్‌బుక్కుల రాసిపెట్టు. వచ్చినంక మల్ల కొలువు. గ్యాస్కెట్ కొత్తది తెచ్చి, గదే వేసి బిగియ్యి, పాతది పెట్టి కొలిస్తే లెక్క తప్పుతది. గవన్ని అయినంక పుష్‌రాడ్ కొనుడు చూద్దాం, దానికంటే ముందు పైసా ఇయ్యకు.