మారిందొక్కటే పంపితే చాలు

జేమ్స్ గోస్లింగ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది జావా. అమీర్‌పేటలో ఆ భాష నేర్చుకుని అమెరికా విమానం ఎక్కిన మనవాళ్లకు లెక్కలేదు. ఆ జావా లోకానికి తెలియడానికి చాలా ముందే, 1981లో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు గోస్లింగ్ యూనిక్స్ కంప్యూటర్ల కోసం ఈమాక్స్ అనే, రాతలు దిద్దుకునే ఎడిటర్ రాశారు. అందులో తెర మీద అక్షరాలను మార్చే పని చేసే ఫైలు ఒకటుంది. ఆ ఫైలు మొదట్లో చుక్కలు, గీతలు, అక్షరాలతో ఒక పుర్రె బొమ్మ గీసి పెట్టారు. పక్కనే ఒక హెచ్చరిక: ఇది అర్థమైందని అనుకుంటే అర్థం కానట్టే, మళ్లీ మొదటి నుంచి చదువుకో అని దాని భావం.

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ పుర్రె నన్ను వదల్లేదు. తెర మీద నాలుగు అక్షరాలు మార్చడానికి పుర్రె బొమ్మ పెట్టేంత కష్టం ఏముంటుంది?

కష్టమంతా తీగలో ఉంది. ఆ రోజుల్లో కంప్యూటర్ ఎక్కడో ఒక గదిలో ఉండేది. మనిషి ముందుండేది టెర్మినల్, అంటే ఒక తెర, ఒక కీబోర్డు. ఇంటి నుంచి పని చేసుకోవాలంటే ఫోన్ లైన్ మీద 300 బాడ్ మోడెమే దిక్కు. దాని వేగం సెకనుకు 30 అక్షరాలు. తెర మీద 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, మొత్తం 1,920. అంటే తెర మొత్తం ఒక్కసారి నింపడానికి 64 సెకన్లు. మధ్యలో ఒక వరుస తీసేసి, ఆ చిన్న మార్పుకు తెరంతా మళ్లీ పంపితే నిమిషానికి పైగా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

గోస్లింగ్ రాసిన పద్ధతి ఏం చేసిందంటే, ఇప్పుడు తెర మీద ఉన్న 24 వరుసలను ఒక పక్క, ఉండాల్సిన 24 వరుసలను ఇంకో పక్క పెట్టుకుంది. ఒక వరుస చొప్పించడానికి ఎంత ఖర్చు, తీసేయడానికి ఎంత, ఉన్నదాన్ని దిద్దడానికి ఎంత అని పట్టిక వేసుకుంది. పాత తెర నుంచి కొత్త తెరకు చేరే దారుల్లో అన్నిటికన్నా చవకైనదాన్ని వెతికి పట్టుకుంది. ఖర్చు అంటే ఇక్కడ తీగ మీద వెళ్లే అక్షరాల లెక్క. ఆ లెక్క వేయడానికి కంప్యూటర్‌కు శ్రమే, కానీ తీగ నత్తనడకతో పోలిస్తే ఆ శ్రమ లెక్కలోకి రాదు. దీని మీద ఆయన 1981లోనే ఒక పరిశోధన పత్రం కూడా ప్రచురించారు. పుర్రె ఊరికే పెట్టలేదు. ఆ పట్టికలో ఒక్క గడి తప్పితే తెరంతా కలగాపులగం అయిపోతుంది.

ఈ కోడ్‌కు ఇంకో కథ ఉంది. గోస్లింగ్ తన ఈమాక్స్ హక్కులను 1983లో యూనిప్రెస్ అనే సంస్థకు అమ్మారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో గ్నూ ఈమాక్స్ విడుదల చేసినప్పుడు గోస్లింగ్ కోడ్ కొంత వాడుకున్నారు, తెర భాగంతో సహా. యూనిప్రెస్ అభ్యంతరం చెప్పేసరికి ఆ భాగాన్ని మొదటి నుంచి తిరగరాయాల్సి వచ్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం తొలినాళ్లలో తగిలిన దెబ్బల్లో ఒకటి ఈ తెర దిద్దే కోడ్ దగ్గరే తగిలింది.

గోస్లింగ్ కన్నా ముందే ఈ పొదుపు బాట పట్టిన మనిషి బిల్ జాయ్. 1976లో బర్క్‌లీలో విద్యార్థిగా ఉంటూ తర్వాత వీఐగా మారిన ఎడిటర్ మొదలుపెట్టారు. ఆయన దగ్గర ఉన్నది ఏడీఎమ్-3ఏ టెర్మినల్, 300 బాడ్ మోడెం. వీఐలో ఒక్కో అక్షరంతో ఒక్కో ఆజ్ఞ ఇవ్వడానికి, తెరను ఆచితూచి మార్చడానికి ఆ మోడెమే కారణమని ఆయనే ఒక ఇంటర్వ్యూలో చెప్పుకున్నారు. వీఐలో కర్సర్‌ను కదిలించే ఆ కోడ్‌ను కెన్ ఆర్నాల్డ్ తీసుకుని, ఎవరైనా వాడుకునేలా కర్సెస్ అనే లైబ్రరీగా మలిచారు. రోగ్ అనే ఆట పుట్టింది దాని మీదే, 1980లో.

రోగ్‌లో ఆటగాడు ఒక @ గుర్తు. గది నేల అంతా చుక్కలు. ఆటగాడు కుడివైపు ఒక అడుగు వేశాడనుకోండి. ఏడీఎమ్-3ఏ మీద కర్సర్‌ను ఒక చోటికి పంపడానికి నాలుగు అక్షరాలు కావాలి: ఎస్కేప్, ఒక సమాన గుర్తు, వరుస, నిలువు. తర్వాత పాత చోట ఒక చుక్క. కర్సర్ దానంతటదే పక్క గడిలోకి జరుగుతుంది, అక్కడ @. మొత్తం ఆరు అక్షరాలు, సెకనులో అయిదో వంతు. తెరంతా మళ్లీ గీస్తే 64 సెకన్లు. ఈ పొదుపు లేకపోతే ఆ ఆటే లేదు. కర్సెస్ లోపల జరిగేది కూడా గోస్లింగ్ లెక్క లాంటిదే: తెర మీద ఉన్నదానికి ఒక నకలు, ఉండాల్సినదానికి ఇంకో నకలు, రెండిటినీ పోల్చి తేడా మాత్రం పంపడం. పెద్ద కంపెనీల లోకంలోనూ ఈ జాగ్రత్త ఉండేది. 1971లో వచ్చిన ఐబీఎమ్ 3270 టెర్మినల్‌లో క్లర్కు ఏ గడిలో రాస్తే ఆ గడికి ఒక గుర్తు పడేది. మీట నొక్కితే గుర్తు పడ్డ గడులే మెయిన్‌ఫ్రేమ్‌కు వెళ్లేవి.

ఇంత జ్ఞానం చేతిలో ఉండగా వెబ్ వచ్చింది, ఇదంతా పక్కకు పోయింది. వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ ఊహించింది పత్రాలను. ఒక లింకు నొక్కితే ఇంకో పత్రం మొత్తం వస్తుంది. పరిశోధన పత్రాలకు అది సరిపోయింది. అదే పద్ధతి మీద అంగళ్లు, ఉత్తరాలు, స్కోర్లు పెట్టేసరికి, ముగ్గులో ఒక్క చుక్క తప్పిందని వాకిలంతా కడిగి మళ్లీ పెట్టినట్టు అయింది. కేంబ్రిడ్జ్‌లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు కాఫీ ఉందో లేదో చూసుకోవడానికి 1991లో గిన్నె ముందు కెమెరా పెట్టారు. 1993లో ఆ బొమ్మ వెబ్‌కు ఎక్కింది. లోకమంతా ఆ గిన్నె చూసింది, కానీ కాఫీ తగ్గిందేమో తెలియాలంటే ప్రతిసారీ మళ్లీ తెప్పించుకోవాల్సిందే. 1995లో నెట్‌స్కేప్ 1.1 బ్రౌజర్‌లో సర్వరే కొత్త బొమ్మలను ఒకదాని మీద ఒకటి తోసే ఏర్పాటు, అన్ని సెకన్లకోసారి పేజీ దానంతటదే తిరిగొచ్చే ఏర్పాటు పెట్టారు. తర్వాత పేజీని ముక్కలుగా విడగొట్టే ఫ్రేములు వచ్చాయి, కంటికి కనపడని ఫ్రేమ్‌లో సరుకు తెప్పించుకునే ఉపాయాలూ వచ్చాయి.

దీని బాధ మనకు బాగా తెలిసేది పదో తరగతి, ఇంటర్ ఫలితాల రోజున. నెట్ సెంటర్లో హాల్ టికెట్ నంబరు కొడితే కావాల్సింది ఆరేడు మార్కుల అంకెలు. వచ్చేది మాత్రం పైన బ్యానరు, పక్కన మెనూ, కింద ప్రకటనలు, అన్నీ మొదటి నుంచి. లక్షల మంది ఒకేసారి నొక్కితే సర్వరు కూలేది. పిల్లలు మళ్లీ నొక్కేవాళ్లు, అది మళ్లీ కూలేది. ఆ పిల్లల గుండెదడలో కొంత భాగం ఈ డిజైన్ పుణ్యమేనని నా గట్టి నమ్మకం.

దారి మళ్లింది 1998, 1999 ప్రాంతంలో, మైక్రోసాఫ్ట్‌లో. రిమోట్ స్క్రిప్టింగ్ పేరుతో వాళ్లు మొదట చేసిన ప్రయత్నంలో పేజీ వెనక దాక్కుని సర్వర్‌తో మాట్లాడింది ఒక జావా ఆప్లెట్, అంటే పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాం. అలా గోస్లింగ్ తీగ పొదుపు కథలోకి రెండోసారి వచ్చారు, ఈసారి తన భాష రూపంలో. తర్వాత బ్రౌజర్లో ఉత్తరాలు చదువుకునే అవుట్‌లుక్ వెబ్ యాక్సెస్ తయారుచేస్తున్న బృందంలో అలెక్స్ హాప్‌మన్ ఒక చిన్న భాగం రాశారు. పేజీ అలాగే ఉంటుంది, స్క్రిప్టు వెళ్లి సర్వర్‌ను అడిగి కావలసింది తెచ్చుకుంటుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 విడుదల దగ్గర పడింది, కొత్తవి చేర్చే గడువు దాటిపోబోతోంది. బ్రౌజర్‌తో పాటు ఎలాగూ వెళ్తున్న ఎక్స్ఎమ్ఎల్ లైబ్రరీలో దాన్ని ఇరికించి, పేరుకు ఎక్స్ఎమ్ఎల్ తగిలించి 1999 మార్చిలో లోకానికి వదిలారు. వెబ్‌ను మార్చేసిన ముక్క బ్రౌజర్ బృందం ఆలోచనగా పుట్టలేదు. ఉత్తరాల బృందం అవసరంగా పుట్టింది.

మొజిల్లా, సఫారీ, ఒపేరా బ్రౌజర్లు కూడా ఒక్కొక్కటిగా దాన్ని అందుకున్నాయి. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చింది, ఆ డిసెంబరులో అక్షరం కొట్టగానే సూచనలిచ్చే గూగుల్ సజెస్ట్, 2005 ఫిబ్రవరిలో చేత్తో జరిపితే జరిగే గూగుల్ మ్యాప్స్. అదే నెల 18న జెస్సీ జేమ్స్ గారెట్ ఒక వ్యాసం రాసి ఈ పద్ధతికి అజాక్స్ అని పేరు పెట్టారు. ఆ పేరు తనకు స్నానం చేస్తుండగా తట్టిందని చెప్పారు.

పేజీ మారకుండానే లోపలి సరుకు మారడం మొదలయ్యాక కొన్ని పోయాయి. ఏళ్ల తరబడి వెనక్కి వెళ్లే బటన్ నొక్కితే ఎక్కడికో పోయేవాళ్లం. చూస్తున్నది ఇంకొకరికి పంపాలంటే చిరునామా పెట్టెలో దాని చిరునామా ఉండేది కాదు. తర్వాత స్క్రిప్టే ఆ చిరునామా మార్చుకునే వీలు కల్పించి దీన్ని చాలావరకు బాగుచేశారు. బాగుపడనిది ఇంకొకటి ఉంది, నాకు అసలు దిగులు దాని గురించే. 2013లో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్ అనే లైబ్రరీని చూడండి. ఉన్న పేజీకి ఒక నకలు, ఉండాల్సినదానికి ఒక నకలు, రెండిటి మధ్య తేడా వెతకడం. అచ్చంగా కర్సెస్ పద్ధతే. కానీ కర్సెస్ ఆ లెక్క వేసింది తీగ మీద ఆరు అక్షరాలే పంపడానికి. రియాక్ట్ లెక్క నడిచేది మన ఫోన్ లోపల, అది మిగిల్చేది బ్రౌజర్ శ్రమను. ఆ లెక్క వేసే స్క్రిప్టు, దాని వెంట వచ్చే లైబ్రరీలు మాత్రం తీగ మీదే దిగాలి. నాలుగు అంకెలు మార్చడానికి ముందు వందల కిలోబైట్ల సరంజామా దింపుకునే సైట్లు ఇప్పుడు మామూలైపోయాయి. సిగ్నల్ ఒక్క గీత ఉన్న ఊళ్లో ఫోన్ పట్టుకున్న మనిషికి బిల్ జాయ్ తన మోడెం ముందు పడ్డ అవస్థే మిగిలింది. అప్పుడు ఆ అవస్థ పడుతున్నవాడే కోడ్ రాసేవాడు. ఇప్పుడు రాసేవాళ్లలో చాలామంది మెరుపు వేగం లైన్ల మీద కూర్చుని రాస్తున్నారు, అందుకే ఆ బరువు వాళ్ల కంటికి ఆనడం లేదు.

ఇది చేతకాక జరిగింది కాదు. 2002 జనవరిలో ఆర్ఎఫ్‌సీ 3229 పేరుతో ఒక ప్రమాణమే వచ్చింది. నా దగ్గర ఈ పేజీ పాత నకలు ఉంది అని బ్రౌజర్ చెబితే, సర్వర్ తేడా మాత్రం పంపవచ్చు. దానికోసం 226 అనే జవాబు సంఖ్య కూడా కేటాయించారు. ఆ సంఖ్య అధికారిక జాబితాలో ఈరోజుకీ ఉంది. కానీ మనం రోజూ వాడే పెద్ద బ్రౌజర్లు ఈ పద్ధతిలో తేడా అడగవు. అడగడం మొదలుపెట్టాలని బ్రౌజర్లు రాసేవాళ్లను, వాళ్లలో ఉన్న మన తెలుగువాళ్లను కూడా, అడగాల్సింది మనమే.