ఒక సంగీత పురస్కారము: దాని పుట్టుక, దాని ముగింపు



ఉత్సవములందును, పాఠశాలల వార్షిక సభలందును బహుమానములు పంచు భారము గ్రామ పెద్దలైన మీపై నుండును. కావున నేడు మీకొక దూరదేశపు బహుమానము చరిత్రను విన్నవింపదలచితిని. ఆ దేశము అమెరికా. ఆ బహుమానము జాజ్ అను సంగీతమున నొక శాఖకు ఈయబడుచుండెను. అది 1980లో పుట్టి 2011తో ముగిసినది. దీనితో మనకేమి పని యని మీరడుగవచ్చును. ఆ మాట తుదకు చెప్పెదను.

ముందుగా జాజ్ అననేమో చెప్పవలెను. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో అమెరికా దక్షిణ భాగమందలి న్యూ ఆర్లియన్సు నగరమున, ఆఫ్రికా సంతతివారైన ప్రజల నడుమ ఈ సంగీతము రూపుదిద్దుకొనెను. మన గాయకుడు కల్పనస్వరము పాడునప్పుడు రాగపు మేర దాటక, తాళము తప్పక, అప్పటికప్పుడు క్రొత్త పోకడలు పోవును గదా. జాజ్ వాద్యకుడును ఒక పాట వరుసను ఆధారముగా గొని తన మనోధర్మము కొలది దానిని పెంచుచు పోవును. వ్రాసినది వాయించుట కంటె వ్రాయనిది వాయించుటయే అందు గొప్ప.

1960 దాటిన పిదప, ఆ దశకపు చివరి భాగమున, మైల్స్ డేవిస్ అను ప్రసిద్ధ బాకా విద్వాంసుడు ఈ సంగీతములోనికి విద్యుత్తుతో మ్రోగు గిటారును, పియానోను తెచ్చి, యువకులు మెచ్చు రాక్ సంగీతపు లయను దానితో కలిపెను. ఆయనతో వాయించినవారే పిమ్మట వేరు వేరు బృందములు కట్టిరి. జో జావినుల్, వేన్ షార్టర్ అనువారు వెదర్ రిపోర్ట్ అను బృందమును, జాన్ మెక్‌లాఫ్లిన్ మహావిష్ణు ఆర్కెస్ట్రాను, చిక్ కొరియా రిటర్న్ టు ఫరెవర్‌ను నెలకొల్పిరి. ఈ కలగలుపునకు ఫ్యూజన్ అని పేరు వచ్చెను. పూర్వాచారపరులు కొందరు ఇది జాజ్ కాదనిరి. క్రొత్తవారు ఇదియే జాజ్‌నకు ముందుదారి యనిరి.

ఇక బహుమానము మాట. అమెరికా దేశపు రికార్డింగు అకాడమీ 1959 నుండి గ్రామీ పురస్కారములను ఇచ్చుచున్నది. గ్రామఫోను అను మాటనుండియే ఆ పేరు పుట్టినది. ఇచ్చు జ్ఞాపికయు బంగారు వన్నెగల చిన్న గ్రామఫోను బొమ్మయే. తొలి యేట 28 విభాగములే యుండెను. 1980లో ఫ్యూజన్ కొరకు ప్రత్యేక విభాగమొకటి ఏర్పడగా, తొలి గౌరవము వెదర్ రిపోర్ట్ బృందమునకు దక్కెను. పాట్ మెథీనీ అను గిటారు విద్వాంసుని బృందము 1983, 1984, 1985 సంవత్సరములందు వరుసగా దీనిని గెలుచుకొనెను. 1992లో విభాగపు పేరు సమకాలిక జాజ్ అని మారెను. 2008లో హెర్బీ హాంకాక్ సంపుటము ఈ విభాగమునందే గాక, అన్ని శాఖలలోను ఉత్తమ సంపుటముగా కూడ ఎన్నిక యయ్యెను.

ఈ చరిత్రలో మన తెలుగువారికి స్వల్పమైన సంబంధము కలదు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లున పుట్టి మాండొలిన్ వాద్యమునకు కర్ణాటక సంగీతమున స్థానము కల్పించిన ఉప్పలపు శ్రీనివాస్ గారు 2014లో కీర్తిశేషులైరి. వారి తమ్ముడు రాజేశ్ గారును మాండొలిన్ విద్వాంసులే. మెక్‌లాఫ్లిన్ చెన్నపట్నమున మన దేశపు విద్వాంసులతో కలిసి రూపొందించిన ఫ్లోటింగ్ పాయింట్ అను సంపుటమున రాజేశ్ గారు వాయించిరి. అది 2009లో ఈ విభాగముననే తుది పోటీకి నిలిచెను. గౌరవము రాండీ బ్రెకర్‌నకు పోయినను, గోదావరి సీమ విద్య ఆ పోటీవరకు చేరుట సంతసింపదగిన విషయము.

2010లో ఈ పురస్కారము జో జావినుల్ బృందమునకు వచ్చెను. ఆయన 2007లోనే మరణించెను. తొలియేట గెలిచిన బృందపు స్థాపకుడే కడపటి కొక యేడు ముందు, తాను లేకుండ గెలిచెను. 2011 ఫిబ్రవరిలో స్టాన్లీ క్లార్క్ బృందము దీనిని కడపటిసారిగా అందుకొనెను.

ఆ యేప్రిలు నెలలోనే అకాడమీ వారు 109గా పెరిగిన విభాగములను 78కి తగ్గించిరి. బహుమానములు మితిమీరిన వాని విలువ సన్నగిల్లునని వారి వాదము. సమకాలిక జాజ్ పోయి వాద్య జాజ్ సంపుటముల విభాగమున కలిసెను. లాటిన్ జాజ్ విభాగమును రద్దయ్యెను. దానికై కొందరు సంగీతజ్ఞులు న్యూయార్కున వ్యాజ్యము వేసిరి. న్యాయస్థానము దానిని కొట్టివేసినను, 2012లో అకాడమీయే ఆ విభాగమును పునరుద్ధరించెను. సమకాలిక జాజ్‌నకు మాత్రము ఆ భాగ్యము కలుగలేదు. 2024లో ప్రత్యామ్నాయ జాజ్ అను వేరొక విభాగము వచ్చినది గాని, పాతపేరు తిరిగి రాలేదు.

కలిపినందువలన నష్టమేమని అడుగువారు కలరు. వారి పక్షమునను బలము కలదు. 2012లో కలిపిన విభాగమున గెలిచిన మువ్వురిలో స్టాన్లీ క్లార్క్ ఒకడు. కావున వ్యక్తికి కీడు కలుగలేదు. అయితే ఆ సంపుటపు మొదటి పళ్లెమున వారు మువ్వురును విద్యుద్వాద్యములు విడిచి పాత పద్ధతినే వాయించిరి. వ్యక్తి నిలిచెను, శాఖకు ప్రత్యేకముగా నుండిన పీఠము పోయెను.

ఈ భేదము నాకు స్వానుభవము వలన తెలిసినది. నేను ఉపాధ్యాయుడుగా నున్న దినములలో పాఠశాల వార్షికోత్సవమున పద్యపఠనమునకు ఒకటి, ఉపన్యాసమునకు ఒకటి బహుమానము లుండెడివి. ద్రవ్యము చాలక ఒక యేడు రెంటిని కలిపి భాషా బహుమానమని ఒక్కటి చేయుడని నేనే సలహా నిచ్చితిని. నాడది నాకు న్యాయముగనే తోచెను. తరువాత మూడేండ్లును ఉపన్యాసకులే గెలిచిరి. నాలుగవ యేట పద్యము చదువుటకు ఒక్క బాలుడును పేరు ఈయలేదు. నేను పద్యమును నిషేధింపలేదు. దాని పేర ఒక స్థానము లేకుండ చేసితిని. అంతే చాలెను. పద్యములతోనే విద్య నేర్చిన నాకు ఆ తప్పు నేటికిని బాధ కలిగించుచున్నది.

కాబట్టి పెద్దలారా, మీ యూరి ఉత్సవమున హరికథకు, కోలాటమునకు, తోలుబొమ్మలాటకు వేర్వేరుగా సత్కారము లున్నచో, సొమ్ము చాలనప్పుడు సొమ్మును తగ్గింపుడు, పేరును తీసివేయకుడు. ఒక్క శాలువ, ఒక్క కొబ్బరికాయ యైనను ఆ విద్య పేర ఇచ్చినచో, దానిని నేర్చు బాలునకు తన కొక చోటు కలదని తెలియును. ఆ చోటు తొలగించు ముందు, దానికై సాధన చేయువారు ఎవరున్నారో ఒక్కసారి విచారింపుడు.