తెల్లని యన్నము, రెండు నౌకలు

ఆహారవిషయమున నుపదేశించువారికి లోకమున నెన్నడును కొఱత లేదు. వారిలో నెవరి మాట నమ్మదగినదో తెలిసికొనుటయే కష్టము. పండితులు చెప్పినదే నమ్ముద మన్నచో, పండితుల మాట విని, కడుపునిండ నన్నము పెట్టియు వేలకొలది సైనికులను పోగొట్టుకొనిన దేశ మొకటి కలదు. అది జపాను.

పందొమ్మిదవ శతాబ్దిలో ఆ దేశపు నౌకాదళమును బెరిబెరి యను వ్యాధి పీడించెను. కాళ్లు తిమ్మిరెక్కి పడిపోవును. కొందఱికి దేహము వాచును. తుదకు గుండె యాగును. 1883లో ముగిసిన ర్యూజో నౌక సుదీర్ఘయాత్రలో 376 మందికి గాను 169 మంది రోగగ్రస్తులైరి. 25 మంది మరణించిరి. నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరో తెల్లబియ్యము తగ్గించి, మాంసము, పాలు, రొట్టె మొదలగువానిని చేర్చి, 1884లో త్సుకుబా యను నౌకను అదే మార్గమున పంపించెను. మార్గ మదియే, కాలమును ఇంచుమించుగ నంతయే, ముఖ్యముగా మారినది భోజనము. తన మాట తప్పైనచో నందఱికిని దెలియునట్లు పందె మొడ్డె నన్నమాట. ఈసారి బెరిబెరిచే నొక్కడును చావలేదు. రోగము సోకిన కొద్దిమందిలో పలువురు క్రొత్త యాహారమును సరిగా తినని వారే.

చిత్రమేమనగా, తకాకి చెప్పిన కారణము మాత్రము తప్పు. మాంసకృత్తుల కొఱతయే రోగమూల మని యాతడు తలచెను.

భూసేనా వైద్యశాఖ పెద్ద లాతని మాట నంగీకరింపరైరి. ఇది సూక్ష్మజీవులవలన గలుగు రోగమని వారి మతము. జర్మనీలో చదివివచ్చిన మోరి రింతారో వారిలో నొకడు. మోరి ఓగై యను పేర జపాను సాహిత్యమున ప్రఖ్యాతు డీతడే. 1889లో నీతడు భోజనములను పోల్చి చూచి, తెల్లబియ్యమే మేలని తేల్చెను. ఆ కొలతలు కల్పితములు గావు. కాని యాతడు కొలిచినది పుష్టిని; రోగమును గాదు. 1904-05 నాటి రష్యా యుద్ధమున బెరిబెరివలన భూసేనలో 27,000 మందికి పైగా చనిపోయిరి. నౌకాదళమున నట్టి నష్టము లేదు.

ఈ నడుమ జావాలో ఐక్మన్ అను డచ్చి వైద్యుడు తెల్లని యన్నము తిన్న కోళ్లు కాళ్లు పడిపోవుట గమనించెను. పిమ్మట 101 చెఱసాలల లెక్కలు తీయగా, తవుడు తీయని బియ్యము పెట్టినచోట పదివేలమందికి నొకడును, తెల్లబియ్యము పెట్టినచోట 39 మందికి నొకడును రోగియని తేలెను. తవుడులోని యా ద్రవ్యమును, అనగా నేటి థయమినును, 1926లో వేఱుపఱచిరి.

ఇది పరదేశపు గాథ మాత్రమే యని చదువరులు తలపవలదు. ఉత్తర సర్కారులను పీడించిన యీ వ్యాధిని గూర్చి మాల్కమ్‌సన్ అను వైద్యుడు 1835లోనే మద్రాసున గ్రంథము ప్రకటించెను. తమిళులలో ఉప్పుడు బియ్యము వాడుక యెక్కువ. వడ్లు ఉడికించునపుడు తవుడులోని సారము గింజలోనికి దిగును. మర పట్టినను కొంత నిలుచును. మనవారు మల్లెపూవువంటి పచ్చిబియ్యపు టన్నమును మెచ్చి, దానికి వెల చెల్లించిరి.

మొన్న నొక దుకాణమున దంపుడు బియ్యపు సంచిపై సర్వరోగములు మాన్పునని యచ్చు వేసియుండగా చూచితిని. ఎవరికి పెట్టి చూచిరి, ఎన్ని దినములు, పెట్టనివారి గతి యేమయ్యెనని యడిగితిని. దుకాణదారు నవ్వి, “సంచిమీద రాసే ఉంది గదండీ!” యనెను.