పూర్ణపు కుడుము: తొమ్మిది శతాబ్దాల తీపి

వినాయక చవితికి మొగుళ్లపల్లి వంటి మన ఓరుగల్లు సీమ పల్లెలలో ఆవిరిపై ఉడికే కుడుముల చరిత్ర మీరు ఊహించినదానికంటె ప్రాచీనమైనది. కాకతీయులు కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఉన్న కాలమది. చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో ‘మానసోల్లాసం’ రచించాడు. బియ్యపుపిండిలో తీపి పూర్ణం నింపి, ఏలకులతో, కర్పూరంతో పరిమళింపజేసిన మోదకాలను అందులో వడగళ్లతో పోల్చి ‘వర్షోపలగోళకాలు’ అన్నాడు.

పోషక దృష్టితో చూస్తే, బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్‌ను పూర్ణంలోని శనగపప్పు సమకూరుస్తుంది. ఆవిరిపై ఉడకడం వల్ల వేపుడు నూనె చేరదు. బెల్లంలో మాత్రం అధికభాగం చక్కెరే. గ్రాముకు దాదాపు 4 కేలరీలు.

పూర్వం తీపి పండుగకే పరిమితం, నేడది నిత్యకృత్యమైంది. కనుక మధుమేహం ఉన్నవారు బెల్లమే కదా అని నిశ్చింతగా ఆరగించరాదు. ఒక్క కుడుముతో తృప్తిచెంది, ఆ పూట అన్నం తగ్గించండి. మందు మాత్రం మానకండి.