మూడేండ్ల శాసనం

ముప్పది యేండ్ల క్రిందటి మాట. సాంఘికశాస్త్రం చెప్పే మిత్రుడు సెలవు పెట్టగా తొమ్మిదవ తరగతికి నన్ను పంపారు. నేను తెలుగు పండితుణ్ణి. ఎదుట ఉన్నది రష్యా విప్లవం పాఠం. పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు చదువుకుపోతూ ఉంటే వెనుక బల్ల నుండి ఒక కుర్రవాడు లేచాడు. "మాస్టారూ, దాసులను విడిపించిన రాజునే బాంబు వేసి ఎందుకు చంపారండీ?" అన్నాడు. "విప్లవాలలో అలాంటివి జరుగుతుంటాయి, కూర్చో" అన్నాను. అది సమాధానం కాదని నాకూ తెలుసు, వాడికీ తెలుసు. పదవీ విరమణానంతరం దొరికిన తీరికలో ఆ ప్రశ్న వెంట పడ్డాను. చిక్కిన సమాధానమే ఈ టపా.

ఆ రాజు రెండవ అలెగ్జాండరు. భూస్వాముల సొత్తుగా బ్రతుకుతున్న రెండు కోట్లకు పైబడిన భూదాసులకు 1861లో విముక్తి ప్రకటించాడు. అయితే వారి చేతికి వచ్చిన భూమికి 49 ఏండ్లపాటు వాయిదాలు చెల్లించాలన్నాడు. స్వేచ్ఛ వచ్చింది, దాని వెనుకనే అప్పూ వచ్చింది. సంస్కరణలు చేశాడు గాని, ప్రజల ప్రతినిధులు కూర్చుండే సభ మాత్రం ఏర్పరచలేదు.

1874 వేసవిలో వేలాది విద్యార్థులు రైతు వేషాలు ధరించి పల్లెలకు బయలుదేరారు. చదువు చెబుతాం, వైద్యం చేస్తాం, మేలుకొలుపుతాం అన్నారు. రైతులు వారిని నమ్మలేదు. కొన్నిచోట్ల వారే పట్టి పోలీసులకు అప్పగించారు. ప్రభుత్వం వందలమందిని చెరలో వేసింది. విచారణ కోసమే కొందరు ఏండ్ల తరబడి చీకటి గదులలో మ్రగ్గారు. పల్లెకు పోయిన పిల్లలు చెర నుండి వేరే మనుషులై వెలుపలికి వచ్చారు.

1878 జనవరిలో వేరా జాసులిచ్ అనే యువతి పీటర్స్‌బర్గ్ నగరాధిపతి ట్రెపోవ్‌పై తుపాకి పేల్చింది. టోపీ తీయలేదన్న నెపంతో ఒక ఖైదీని అతడు కొరడాలతో కొట్టించాడు. అదీ ఆమె ఆగ్రహానికి హేతువు. ట్రెపోవ్ బ్రతికాడు. జ్యూరీ ఆమెను నిర్దోషి అన్నది. నేరం కళ్ళెదుట ఉండగా అట్లా తీర్పు చెప్పడం న్యాయమేనా అన్న ప్రశ్న ఉన్నది. కాని ప్రభుత్వం వేసుకోవలసిన ప్రశ్న వేరు: జనం మన పక్షాన ఎందుకు లేరు? ఆ ప్రశ్న వేసుకోకుండా అది అటువంటి అభియోగాలను జ్యూరీల నుండి తప్పించి సైనిక న్యాయస్థానాలకు అప్పగించింది.

మరుసటి యేడు, 1879లో, 'నరోద్నయా వోల్యా' పుట్టింది. రష్యన్ భాషలో 'వోల్యా' అంటే సంకల్పమనీ, స్వేచ్ఛ అనీ రెండర్థాలు. శ్లేష తెలిసిన మనకు ఆ పేరు రుచిస్తుంది గాని, పని మాత్రం రుచించేది కాదు. రాజహత్యలు పురాణకాలం నుండీ ఉన్నవే. ఇక్కడ కొత్తది ఏమిటంటే, రహస్య కార్యనిర్వాహక సంఘం, దాని క్రింద శాఖలు, సొంత ముద్రణాలయం, సొంత ప్రయోగశాల. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1867లో డైనమైటుకు పేటెంటు పొందాడు. సైన్యం లేనివాడికి సైన్యం చేసే విధ్వంసం చేతికి అందింది. ఆ వార్తను తంతీ, పత్రికా మరునాటికి లోకమంతటా చాటేవి. 'టెర్రర్' అన్న మాట 1793-94లో ఫ్రెంచి ప్రభుత్వపు దండనీతికి అంటిన పేరు. వీరు దానిని తమకు తామే తగిలించుకున్నారు.

రైలు పట్టాల క్రింద పేల్చారు. 1880 ఫిబ్రవరిలో రాజప్రాసాదంలోనే పేల్చారు. వడ్రంగి పనికి చేరిన ఖల్టూరిన్ అనేవాడు ప్రేలుడు పదార్థాన్ని కొంచెం కొంచెంగా తన పెట్టెలో చేర్చాడు. రాజు భోజనానికి ఆలస్యంగా వచ్చి బ్రతికిపోయాడు. చనిపోయింది కావలి సైనికులు, పదిమందికి పైగా. వారిలో ఎక్కువమంది రైతుబిడ్డలే. ఎవరి పేరిట సంఘం వెలసిందో వారి బిడ్డలే!

అప్పుడు రాజు లోరిస్ మెలికోవ్ అనే సేనానికి అధికారం అప్పగించాడు. అతడు పోలీసులను గట్టిపరుస్తూనే, పేరుమోసిన రహస్య పోలీసు శాఖను రద్దుచేశాడు. ఎన్నికైన ప్రతినిధులను శాసనాల ఆలోచనలో భాగస్వాములను చేసే పథకం సిద్ధపరచాడు. అది రాజ్యాంగం కాదు. తలుపు సందులోని వెలుగు మాత్రమే. దానికి రాజు ఆమోదం తెలిపినది 1881 మార్చి 1 ఉదయం. నేటి పంచాంగం లెక్కకు మార్చి 13. ఆ మధ్యాహ్నమే కాలువగట్టు మీద తొలి బాంబు పడింది. గాయపడినవారిని చూడడానికి రాజు బండి దిగాడు. రెండవ బాంబు అతణ్ణీ, వేసినవాణ్ణీ కూడ చంపింది. దారిన పోతున్న ఒక బాలుడూ మరణించాడు.

హత్యానంతరం సంఘం కొత్త రాజుకు లేఖ వ్రాసింది. క్షమాభిక్ష, ప్రజాప్రతినిధి సభ ప్రసాదిస్తే హింస విరమిస్తామన్నది. అడిగినదానికి తొలిమెట్టు కాగల పథకాన్ని తామే నెత్తురులో ముంచారు. మూడవ అలెగ్జాండరు ఆ కాగితాన్ని ప్రక్కకు నెట్టి, నిరంకుశాధికారం చెక్కుచెదరదని ఏప్రిల్‌లో ప్రకటించాడు. దక్షిణాన ఏ పాపమూ ఎరుగని యూదుల ఇండ్లపై జనం పడ్డారు.

నేను ముఖ్యమనుకునే విషయం ఇదీ. హత్యకు సూత్రధారి అయిన జెల్యాబోవ్ హత్యకు రెండు రోజుల ముందే పట్టుబడ్డాడు. తక్కినవారు కొన్ని వారాలలో దొరికారు. విచారణ జరిగింది, అయిదుగురిని ఏప్రిల్ 3న, పాత లెక్కకే, ఉరితీశారు. ఇదంతా అప్పటికే ఉన్న అధికారాలతో సాధ్యపడింది. అయినా ఆగస్టులో ఒక కొత్త శాసనం వచ్చింది. విచారణ లేకుండా నిర్బంధించవచ్చు, దూరప్రాంతాలకు పంపివేయవచ్చు, సభలు నిషేధించవచ్చు, పత్రికలు మూయించవచ్చు. గడువు మూడేండ్లు. గడువు తీరినప్పుడల్లా మళ్ళీ పొడిగించారు. 1917లో రాజరికం కూలేదాకా అది అమలులోనే ఉన్నది.

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టిన సామెత ఊరకే పుట్టలేదు. 1883లో వేరా ఫిగ్నర్ అరెస్టుతో నరోద్నయా వోల్యా వెన్ను విరిగింది. దాని కోసం పుట్టిన శాసనం మాత్రం విరగలేదు. బాంబులూ ఆగలేదు. 1887లో మరో రాజహత్యా ప్రయత్నానికి ఇరవయ్యొక్క యేండ్ల అలెగ్జాండర్ ఉల్యానోవ్‌ను ఉరితీశారు. అతని తమ్ముడినే తరువాత లోకం లెనిన్ అన్నది. 1904లో హోం మంత్రి ప్లేవేను చంపిన దళానికి నాయకుడు అజేఫ్. అతడు పోలీసుల జీతగాడు కూడా!

మన దేశంలోనూ ఈ కథ నడిచింది. బెంగాలు నుండి హేమచంద్ర కానుంగో పారిస్ వెళ్ళి రష్యన్ ప్రవాసుల వద్దనే బాంబు విద్య నేర్చాడు. 1908లో ముజఫర్‌పూర్‌లో న్యాయాధికారికి గురిపెట్టిన బాంబు ఇద్దరు ఆంగ్ల స్త్రీలను బలిగొన్నది. 1919 నాటి రౌలట్ చట్టానికి కూడా గడువు మూడేండ్లే! దానిపై రేగిన నిరసనకు ప్రభుత్వం ఇచ్చిన సమాధానం జలియన్‌వాలాబాగ్. స్వతంత్ర భారతంలో 1985లో రెండేండ్లకని తెచ్చిన టాడా 1995 వరకు బ్రతికింది.

హంతకుణ్ణి పట్టి శిక్షించడం రాజధర్మం. అందులో సందేహం లేదు. కాని ఆ పని ముగిసిన తరువాత సామాన్యుడు మొరపెట్టుకోవడానికి ఏ ద్వారం తెరిచి ఉన్నదన్నదే అసలు పరీక్ష. 1881లోనే అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ హత్యకు గురైతే, దానిని ఖండించినవారిలో నరోద్నయా వోల్యా కూడ ఉన్నది. ప్రజలు పాలకులను ఎన్నుకోగల దేశంలో హత్యకు తావు లేదన్నది వారి వాదం. వారి చేతుల నెత్తురును ఆ మాట కడుగదు. కాని వారి వైపు పిల్లలు ఎందుకు పోయారో అది చెబుతుంది.

నాయనా, నీ ప్రశ్నకు నా సమాధానం ఇదీ: ఆ రాజు దాసులను విడిపించాడు గాని, వారి మాట వినే చోటు ఏర్పరచలేదు, ఏర్పరచబోతున్న వేళకు, ఎదురు చూడలేనివారు అతణ్ణి చంపారు, చంపినవారిని దండించే పేరుతో, వచ్చినవారు ఆ చోటునే పూడ్చివేశారు. ఆనాడు కూర్చోమన్నందుకు మన్నించు. ఎక్కడ ఉన్నా, ఈ టపా నీ కంటబడితే సంతోషిస్తాను. తప్పులుంటే విజ్ఞులు సవరించగలరు.